ఎనిమిదడుగుల షీటుకి ఒక్క సెంటీమీటరు తక్కువ

అన్నలూ తమ్ములూ, ఈ శుక్రవారం పోస్టు కొంచెం పొడుగు. చాయ్ పెట్టుకుని కూర్చోండి. "ఇన్నేళ్ళ నుంచి దోహాలో ఉన్నావు, ఇక్కడి మనుషుల గురించి రాయవేంది?" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈసారి ముతాజ్ బర్షిమ్ గురించి రాస్తున్నా. ఆయన హైజంప్ ఆటగాడు.

హైజంప్ అంటే మనోళ్ళకి బడిలో ఇసుక గుంట దగ్గర రెండు కర్రలు పాతి, తాడు కట్టి దూకిన ఆటే గుర్తుంటుంది. పెద్ద పోటీల్లో అది ఎంత ఎత్తో చెప్పాలంటే మన పనిలోంచే చెప్పాలి. షట్టరింగ్ చేసేవాళ్ళకి తెలుసు, ప్లైవుడ్ షీటు అంటే ఎనిమిది బై నాలుగు. దాన్ని నిలువుగా నిలబెడితే 2.44 మీటర్లు. మనలో ఎవరు చెయ్యి పైకి చాపినా దాని పై అంచు అందదు, డబ్బానో స్టూలో ఎక్కాల్సిందే. ఇప్పుడు ఆ షీటు మీదినుంచి, చేతిలో ఏ కర్రా లేకుండా, ఒంటి కాలితో ఎగిరి అవతల పడాలి. మనిషి చరిత్ర మొత్తంలో ఆ ఎత్తుకి చేరినవాడు ఒక్కడే, క్యూబా దేశపు హావియర్ సొతోమయోర్. 1989లో 2.44, 1993లో స్పెయిన్‌లోని సలమాంకాలో 2.45. ఆ 2.45 ఇప్పటికీ ప్రపంచ రికార్డే, ముప్పై ఏళ్ళు దాటినా ఎవరూ కదిలించలేదు.

ఆయన తర్వాత అందరికంటే పైకి పోయినవాడు మన దోహాలో పుట్టి పెరిగిన ముతాజ్ ఈసా బర్షిమ్. 2.43. షీటుకి ఒక్క సెంటీమీటరు తక్కువ.

బర్షిమ్ అనగానే చాలామందికి ఒక్క వీడియోనే తెలుసు. టోక్యో ఒలింపిక్స్‌లో ఇటలీ ఆటగాడితో బంగారు పతకం పంచుకున్నది. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి తిప్పి, కింద నాలుగు నీతి వాక్యాలు తగిలించి, చివరికి పెళ్ళి కార్డు మీద శ్లోకంలా చేసిపెట్టారు. నాకు ఆ వీడియో ఇష్టమే. కానీ అది ఆ రాత్రి అప్పటికప్పుడు పుట్టిన మంచితనం అనుకుంటే మాత్రం కథంతా పోయినట్టే. దాని వెనక పదేళ్ళున్నాయి, రెండు విరిగిన కాళ్ళున్నాయి.

మొదటి నుంచి చెప్తా.

బర్షిమ్ 1991 జూన్ 24న దోహాలో పుట్టాడు. వాళ్ళ కుటుంబం మూలం సూడాన్. తండ్రి కూడా అథ్లెటే. తమ్ముడు ముఆమర్ కూడా హైజంపే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో అన్న బంగారం గెలిస్తే తమ్ముడు కాంస్యం గెలిచాడు. ఒకే ఇంటికి, ఒకే ఆటలో, ఒకే రోజు రెండు పతకాలు.

ఇక్కడ ఖతార్ ఆటల గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఈ దేశం చిన్నది, జనం తక్కువ, డబ్బు ఎక్కువ. అందుకని చాలాకాలం పతకాలు గెలిచే మనుషుల్ని బయటినుంచి తెచ్చుకుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఖతార్‌కి వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం తెచ్చిన సయీద్ సైఫ్ అసద్ బల్గేరియాలో పుట్టినవాడు, అక్కడ ఉన్నప్పుడు పేరే వేరు. 2003లో కెన్యా పరుగు వీరుడు స్టీఫెన్ చెరోనో ఖతార్ పౌరసత్వం తీసుకుని సైఫ్ సయీద్ షహీన్ అయ్యాడు, అదే ఏడాది పారిస్‌లో స్టీపుల్‌చేజ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు ఇక్కడే ఎండలో పనిచేసి, బత్కా రెన్యూవల్ కోసం ప్రతిసారీ గుండె చేతిలో పెట్టుకుని నిలబడేవాళ్ళం మనం. కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు మనకి ఎక్కడో ఒక చోట గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ. కానీ బర్షిమ్ అట్లా వచ్చినవాడు కాదు. ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ వేడిలోనే పెరిగి, ఆస్పైర్ అకాడమీలో తయారైనవాడు. రోజూ మన బస్సులు ఆ ఆస్పైర్ టవర్ పక్కనుంచే పోతుంటాయి, చూసే ఉంటారు.

ఆయన్ని తయారుచేసింది మాత్రం ఒక వలస మనిషే. పోలండ్‌కి చెందిన కోచ్ స్టానిస్లావ్ ష్చిర్బా. పని కోసం దేశం దాటి వచ్చిన ఒక ముసలి మాస్టారు, సూడాన్ మూలాలున్న ఒక సన్నటి కుర్రాడు, ఇద్దరూ అరబ్బు దేశంలో కలిశారు. వాళ్ళు కలిసిన కొత్తలో లెక్క చూడండి. 2009లో బర్షిమ్ మంచి దూకుడు 2.14. 2010కల్లా 2.31. ఒక్క ఏడాదిలో పదిహేడు సెంటీమీటర్లు. ఈ ఆటలో పైస్థాయికి పోయాక ఏడాదికి రెండు సెంటీమీటర్లు పెరిగితే పండగ చేసుకుంటారు. అదే ఏడాది కెనడాలోని మాంక్టన్‌లో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఏడాది చివర గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో పెద్దవాళ్ళ మధ్యే బంగారం కొట్టాడు. ఆ మాంక్టన్ పోటీలకే ఇటలీ నుంచి ఒక పిల్లాడు వచ్చాడు. పేరు జాన్‌మార్కో తంబేరి. ఇద్దరికీ అక్కడే పరిచయం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ దూకుడు ఎట్లా ఉంటుందో చెప్పాలి, లేకపోతే తర్వాత విరిగిన కాలి సంగతి అర్థం కాదు. ఆటగాడు తిన్నగా పరిగెత్తుకు రాడు. మొదట తిన్నగా, చివరి నాలుగైదు అడుగులు వంపు తిరుగుతూ వస్తాడు. పైన్నుంచి చూస్తే గొడుగు పిడి ఆకారం. ఆ వంపులో ఒళ్ళు లోపలికి వాలుతుంది. చివరి అడుగులో కాలు నేలకి గట్టిగా తన్నగానే, ముందుకి పోతున్న వేగమంతా పైకి తిరుగుతుంది. అంటే ఒంటి బరువుకి ఎన్నో రెట్ల బరువు, రెప్పపాటు కాలం, ఒక్క చీలమండ మీద పడుతుంది. తర్వాత వీపు బార్ వైపు తిప్పి, తల, భుజాలు, నడుము ఒకదాని వెనక ఒకటి దాటించి, చివర్లో కాళ్ళు లాక్కోవాలి. ఇట్లా వీపు తిప్పి దూకడం అమెరికా ఆటగాడు డిక్ ఫాస్బరీతో ప్రపంచానికి తెలిసింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 2.24 దూకి బంగారం గెలిచాడు. అంతకుముందు కడుపు బార్ వైపు పెట్టి దూకేవాళ్ళు. దిగే చోట మెత్తటి పరుపు వచ్చాకే వీపు మీద పడే ధైర్యం మనిషికి వచ్చింది. బర్షిమ్ ఎత్తు 1.89. అంటే 2.43 దూకినప్పుడు తన తలకంటే 54 సెంటీమీటర్లు పైనున్న బార్‌ని దాటాడు. దూకే కాలు ఎడమది. అసలు కథంతా ఆ ఎడమ చీలమండదే.

ఇంకో ముక్క, లెక్క రూలు. ఇద్దరు ఒకే ఎత్తు దగ్గర ఆగిపోతే, ఆ చివరి ఎత్తుని ఎవరు తక్కువ ప్రయత్నాల్లో దాటారో చూస్తారు. అదీ సమానమైతే మొత్తం ఆటలో ఎవరు తక్కువసార్లు బార్ పడేశారో చూస్తారు. అదీ సమానమైతే ఇద్దరూ ఒకే స్థానం. మొదటి స్థానం అయితేనే మళ్ళీ దూకించి తేలుస్తారు. దాన్ని జంప్‌ఆఫ్ అంటారు. అయితే ఆటగాళ్ళు మాకొద్దు అంటే అక్కడితో ఆపేయొచ్చు. ఈ చివరి వాక్యం రూల్లోనే ఉంది. టోక్యోలో ఎవరూ కొత్తగా కనిపెట్టలేదు.

2012 లండన్ ఒలింపిక్స్. బర్షిమ్‌కి ఇరవై ఒక్క ఏళ్ళు. 2.29 దూకి కాంస్యం గెలిచాడు. కానీ ఒక్కడే కాదు, కెనడా డెరెక్ డ్రూయిన్, ఇంగ్లండ్ రాబీ గ్రాబార్జ్ కూడా లెక్కలో సరిగ్గా అంతే. ముగ్గురికీ కాంస్యం. చూడండి, ఆయన ఒలింపిక్ జీవితమే పంచుకున్న పతకంతో మొదలైంది. తర్వాత ఆ పోటీలో బంగారం గెలిచిన రష్యా ఇవాన్ ఉఖోవ్ ఫలితం 2019లో డోపింగ్ కేసులో రద్దయింది. పతకాలు ఒక మెట్టు పైకి జరిపారు. రెండోవాడైన అమెరికా ఎరిక్ కైనార్డ్‌కి బంగారం, మన ముగ్గురికీ వెండి. దూకిన తొమ్మిదేళ్ళ తర్వాత కాంస్యం వెండిగా మారింది. జీతం అరియర్స్ కోసం ఎదురుచూసినవాళ్ళకి ఆ సంతోషం ఎట్లా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వచ్చింది సరే, రావాల్సిన రోజు రాలేదు గదా.

ఆ తర్వాత రెండేళ్ళు హైజంప్‌కి స్వర్ణయుగం. 2013లో అమెరికాలోని యూజీన్‌లో బర్షిమ్ 2.40 దూకాడు. దాంతో చైనా ఆటగాడు ఝు జియాన్‌హువా 1984 నుంచి నిలబెట్టుకున్న 2.39 ఆసియా రికార్డు పోయింది. అదే ఏడాది మాస్కోలో ఉక్రెయిన్ బొహ్దాన్ బొందరెంకో 2.41తో ప్రపంచ చాంపియన్, మనవాడు 2.38తో రెండోవాడు. 2014లో న్యూయార్క్‌లో ఇద్దరూ 2.42 దాటారు. ఒకే సాయంత్రం, ఒకే బార్ మీద. లెక్కలో బొందరెంకో గెలిచాడు. సెప్టెంబరు 5న బ్రస్సెల్స్‌లో బర్షిమ్ 2.43. ఆ రోజుకి వయసు ఇరవై మూడు. సొతోమయోర్‌కి రెండు సెంటీమీటర్ల దూరం. ఆ రోజుల్లో రాసినవాళ్ళంతా రికార్డు ఇవాళ కాకపోతే రేపు అన్నట్టే రాశారు.

ఆ రేపు రాలేదు. 2015 బీజింగ్ ప్రపంచ పోటీల్లో నాలుగోవాడు. అక్కడ మొదటి స్థానానికి ముగ్గురు సమానమై జంప్‌ఆఫ్ పెట్టారు. డ్రూయిన్ గెలిచాడు, మిగతా ఇద్దరూ వెండి పంచుకున్నారు. పతకం లేకుండా పక్కన నిలబడి చూసినవాడు బర్షిమ్. 2016 రియోలో మళ్ళీ డ్రూయిన్‌కే బంగారం, బర్షిమ్ 2.36తో వెండి. 2017లో లండన్‌లో 2.35 దూకి మొదటిసారి పెద్దల ప్రపంచ చాంపియన్ అయ్యాడు, అదే ఏడాది ప్రపంచ ఉత్తమ పురుష అథ్లెట్‌గా ఎన్నికయ్యాడు.

ఇక ఆ కాలి దగ్గరికి వద్దాం. 2018 జూలై 2, హంగరీలోని సెకేష్‌ఫెహేర్వార్ పట్టణం. బర్షిమ్ 2.40 దాటేశాడు, పోటీ గెలిచేశాడు. అక్కడితో ఇంటికి పోవచ్చు. బార్ 2.46కి పెట్టమన్నాడు. ప్రపంచ రికార్డు కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ. పరిగెత్తాడు, వంపు తిరిగాడు, తన్నబోయిన ఎడమ చీలమండ మెలిపడింది. లిగమెంట్ తెగింది. ఆపరేషన్. ఆ ఏడాది జకార్తా ఆసియా క్రీడలు పోయాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆసియా చాంపియన్‌షిప్ సొంత ఊరు దోహాలోనే జరిగితే, దూకలేకపోయాడు.

తంబేరి కథ దీనికి అచ్చం కవల. 2016 జూలైలో, రియో ఒలింపిక్స్‌కి సరిగ్గా ముందు, మొనాకోలో 2.39 దూకి పోటీ గెలిచాడు. అక్కడితో ఆగలేదు. 2.41కి ప్రయత్నించాడు. చీలమండ తెగింది. రియో పోయింది. కాలికి వేసిన పట్టీ మీద "టోక్యో 2020కి దారి" అని రాసుకుని దాన్ని దాచుకున్నాడు.

మరుసటి ఏడాది 2017లో తంబేరి పారిస్ పోటీకి వచ్చి మొదటి ఎత్తు కూడా దాటలేకపోయాడు. హోటల్ గది తలుపేసుకుని ఎవరితో మాట్లాడకుండా కూర్చున్నాడు. మర్నాడు తలుపు కొట్టిన మనిషి బర్షిమ్. పొమ్మన్నా పోలేదు. లోపలికి వచ్చి కూర్చున్నాడు, తంబేరి ఏడుస్తుంటే విన్నాడు. తొందరపడకు, ఇంత పెద్ద దెబ్బ తగిలాక తిరిగి దూకడమే గొప్ప, ఎవరికోసమో పరిగెత్తకు అని చెప్పాడు. ఈ సంగతి తర్వాత తంబేరే చెప్పుకున్నాడు. అప్పటికి బర్షిమ్ కాలు ఇంకా బాగానే ఉంది గమనించండి. సరిగ్గా ఏడాది తర్వాత అదే దెబ్బ తనకి తగిలింది. అప్పుడు ఎవరి మాట ఎవరికి పనికొచ్చిందో చెప్పడం కష్టం.

నేను ఈ ముక్క దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. నేను మొదట పనిచేసిన ఒక కంపెనీలో, నిజామాబాద్ దిక్కు తమ్ముడొకడు స్కాఫోల్డింగ్ మీంచి జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు మూడు నెలలు అన్నాడు. వాడు ఆరు వారాలకే బూట్లు వేసుకుని సైటుకి వచ్చేశాడు. ఊళ్ళో మిత్తీలు, ఇక్కడ బండలా కూర్చుంటే ఇంటికి పంపేస్తారన్న భయం. ఫోర్మన్ ఏమీ అనలేదు, మేమూ ఏమీ అనలేదు. ఆ కాలు వంకరగానే అతుక్కుంది. ఇప్పుడు ఊళ్ళో మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాడు. తొందరపడకు అని చెప్పే మనిషి దొరకడం ఒక ఎత్తు. ఆ మాట వినగలిగే స్థితిలో ఉండడం ఇంకో ఎత్తు. బర్షిమ్ వెనక ఒక దేశం ఖజానా ఉంది, ఆస్పత్రి ఉంది, ఏడాది ఆగే ఓపిక ఉంది. ఆయన్ని చూసి మనం నేర్చుకోవాలి అని పోస్టులు పెట్టేవాళ్ళు ఈ తేడా కూడా రాయాలి. ఇది ఆయన తప్పు కాదు, ఆయన గొప్పతనాన్ని తగ్గించేదీ కాదు.

2019 సెప్టెంబరు చివర ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు దోహాకి వచ్చాయి. అప్పటికి ఇక్కడ ఉన్నవాళ్ళకి గుర్తుంటుంది. ఎండకి భయపడి ఆడవాళ్ళ మారథాన్ అర్ధరాత్రి పెట్టారు. అయినా 68 మంది మొదలుపెడితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. ఖలీఫా స్టేడియం లోపల చల్లగా ఉంది కానీ మొదటి రోజుల్లో కుర్చీలు ఖాళీ. టీవీలో చూసిన ప్రపంచం నవ్వింది. సీట్లు నింపడానికి కూలీలకీ బడి పిల్లలకీ ఊరికే టికెట్లు ఇస్తున్నారని విదేశీ పేపర్లు వెక్కిరింపుగా రాశాయి. నాకు ఆ వెక్కిరింపు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కూలీ కూర్చుంటే కుర్చీ నిండినట్టు కాదా ఏంది? ఆ స్టేడియానికి రంగులేసింది, పైపులు బిగించింది, కుర్చీలు బోల్టులు వేసింది ఎవరు?

అక్టోబరు 4, శుక్రవారం. హైజంప్ ఫైనల్. సెలవు రోజు గనక సనయ్య క్యాంపుల నుంచి మేం పదకొండు మందిమి పోయాం. ఆ రాత్రి స్టేడియం నిండింది. సూడానీలు, కెన్యావాళ్ళు, ఇథియోపియన్లు, నేపాలీలు, మనోళ్ళు, ముందు వరసల్లో తెల్ల కందూరాల ఖతారీలు. బర్షిమ్ ఆ ఏడాది పోటీల్లో అంతవరకు 2.30 కూడా దాటలేదు. ఎవరికీ పెద్ద ఆశ లేదు, కానీ కుర్రాడు మన ఊరివాడు.

2.33 దగ్గర మొదటిసారి బార్ పడింది. రెండోసారీ పడింది. మూడోది పోతే ఇంటికే. నా పక్కనున్న నేపాలీ అన్న కళ్ళు మూసుకున్నాడు. మూడోసారి దాటాడు. ఆ తర్వాత ఏమైందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. 2.35 మొదటి ప్రయత్నంలోనే. 2.37 మొదటి ప్రయత్నంలోనే. రష్యా మీద నిషేధం ఉండడం వల్ల జెండా లేకుండా ఆడిన మిఖాయిల్ అకిమెంకో, ఇల్యా ఇవాన్యుక్ 2.35 దగ్గర ఆగిపోయారు. విరిగిన కాలితో పోయినవాడు అదే కాలితో, సొంత ఊళ్ళో ప్రపంచ చాంపియన్. ఆ కేకలు ఏ భాషలో ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. తిరుగు బస్సు కోసం గంటన్నర నిలబడ్డాం, పొద్దున నాలుగింటికి డ్యూటీ ఉన్నవాడు కూడా గొణగలేదు.

ఇప్పుడు టోక్యో. కరోనా వల్ల ఏడాది ఆలస్యమై 2021 ఆగస్టు 1న ఫైనల్. ఆ ముందు రోజే వెయిట్‌లిఫ్టర్ ఫారిస్ ఇబ్రహీం ఖతార్‌కి మొట్టమొదటి ఒలింపిక్ బంగారం తెచ్చాడు. స్టేడియంలో ప్రేక్షకులు లేరు. బర్షిమ్, తంబేరి ఇద్దరూ 2.37 దాకా ఒక్కసారి కూడా బార్ పడేయకుండా వచ్చారు. బెలారుస్ మక్సీమ్ నెదసెకావ్ కూడా 2.37 దాటాడు కానీ అంతకుముందు పడేసిన లెక్క ఉంది గనక మూడోవాడు. 2.39 దగ్గర ఇద్దరూ మూడుసార్లూ పడేశారు. ఇక తేల్చడానికి లెక్కలో ఏమీ మిగల్లేదు. అధికారి దగ్గరికి వచ్చి జంప్‌ఆఫ్ గురించి చెప్పబోయాడు. మాట పూర్తి కాకముందే బర్షిమ్ అడిగాడు, మాకు రెండు బంగారాలు ఇవ్వొచ్చా అని. ఇవ్వొచ్చు, మీ ఇద్దరూ ఒప్పుకుంటే అన్నాడు ఆయన. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెయ్యి కలిపారు. తంబేరి ఎగిరి ఆయన మీద పడ్డాడు, తర్వాత నేలమీద దొర్లి ఏడ్చాడు. పక్కన ఆ పాత పట్టీ కూడా తెచ్చుకున్నాడు. ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో బంగారం ఇట్లా ఇద్దరికి పోవడం 1912 తర్వాత అదే మొదలు. మర్నాడు పతకాలు ఒకరి మెడలో ఒకరు వేసుకున్నారు.

మా రూములో ఆ రాత్రి పెద్ద గొడవే అయింది. సీనియర్ మేస్త్రీ ఒకాయన, పేరు రాయను, మనసులో మాట దాచుకోడు. "ఇదేం ఆట రా? కూడబలుక్కుని పంచుకుంటే అది పోటీ ఎట్లైతది? ఒకడు గెలవాలె, ఒకడు ఓడాలె" అన్నాడు. ఆయన మాటలో బలం లేకపోలేదు. ఆట అంటే తేలాలి. కానీ అప్పటికి రెండేళ్ళ కింద లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ చూసి తిట్టుకున్నది కూడా ఈయనే. 2019లో ఇంగ్లండ్, న్యూజీలాండ్ మ్యాచ్ సమానం, సూపర్ ఓవరూ సమానం, చివరికి ఎవరు ఎక్కువ బౌండరీలు కొట్టారో లెక్కపెట్టి కప్పు ఇచ్చారు. ఆ రోజు "ఇద్దరికీ ఇయ్యాలె గదా" అని మంచం మీద గుద్దింది ఎవరు అన్నా అని అడిగితే, చాయ్ గ్లాసు తీసుకుని బయటికి పోయాడు.

జంప్‌ఆఫ్‌లో ఏం జరుగుతుందో కూడా చూడాలి. ఇద్దరూ పడేస్తే బార్ దించుతారు, ఇద్దరూ దాటితే పెంచుతారు, ఒకడు మిగిలేదాకా. రెండు గంటలకు పైగా దూకి అలసిన కాళ్ళతో. అక్కడ తేలేది ఎవడు ఎక్కువ ఎత్తు పోగలడు అన్నది కాదు, ఎవడు ముందు చతికిలబడతాడు అన్నది. ఇద్దరికీ చీలమండలు ఒకసారి తెగి అతుక్కున్నవే. రెండూ తెగింది గెలిచాక కూడా ఇంకొక్క దూకుడు అని వెళ్ళినప్పుడే. మూడేళ్ళ కింద హంగరీలో పోటీ గెలిచి, చాలు అనకుండా 2.46 పెట్టమన్న మనిషి, టోక్యోలో చాలు అన్నాడు. నాకు ఆ వీడియోలో కనిపించేది ఇదే. దానం అనే మాట నేను వాడను. తనది తీసి ఇచ్చింది ఏమీ లేదు. ఇద్దరిదీ సమానంగా ఉన్నదాన్ని సమానంగా ఉంచాడు, అంతే.

అందరూ అట్లాగే చెయ్యాలని కూడా లేదు. 2024 పారిస్‌లో న్యూజీలాండ్ హమిష్ కెర్, అమెరికా షెల్బీ మెక్ఈవెన్ ఇద్దరూ 2.36 దగ్గర సమానమయ్యారు. జంప్‌ఆఫ్‌కే పోయారు. బార్ దిగుతూ దిగుతూ 2.34కి వచ్చాక కెర్ దాటాడు, బంగారం ఆయనది. మెక్ఈవెన్‌ని సోషల్ మీడియాలో చాలామంది తిట్టారు, చేతిలో బంగారం పారేసుకున్నాడని. నాకది అన్యాయంగా అనిపించింది. ఆ ఇద్దరూ తేల్చుకోవాలనుకున్నారు, తేల్చుకున్నారు. టోక్యో గొప్పది కావాలంటే పారిస్ తప్పు కానక్కర్లేదు.

ఆ మధ్యలో బర్షిమ్ ఊరికే కూర్చోలేదు. 2022లో యూజీన్‌లో 2.37తో వరసగా మూడో ప్రపంచ టైటిల్, హైజంప్‌లో మూడుసార్లు గెలిచిన మగవాడు అంతకుముందు లేడు. రెండోవాడు కొరియా వూ సాంగ్‌హ్యోక్, 2.35. 2023లో బుడాపెస్ట్‌లో తంబేరి బంగారం గెలిస్తే ఈయనది కాంస్యం. అదే ఏడాది హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 2.35తో మళ్ళీ బంగారం, మొదటిదానికి పదమూడేళ్ళ తర్వాత.

పారిస్‌కి వచ్చేసరికి వయసు ముప్పై మూడు. క్వాలిఫైయింగ్ రౌండులో 2.27కి పరిగెత్తుతూ మధ్యలో ఆగిపోయి పిక్క పట్టుకుని కూలబడ్డాడు. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది ఎవరో తెలుసుగా. తంబేరి ఆ కాలు పట్టుకుని లాగి, పిసికి, లేపి నిలబెట్టాడు. తర్వాత బర్షిమ్ ఆ ఎత్తు దాటి ఫైనల్‌కి పోయాడు. ఫైనల్ రోజు తంబేరికి కిడ్నీలో రాళ్ళ నొప్పి, ఆస్పత్రి నుంచి లేచి వచ్చి 2.22 దగ్గరే ఆగిపోయాడు. బర్షిమ్ 2.34తో కాంస్యం. నాలుగు ఒలింపిక్స్, నాలుగు పతకాలు. హైజంప్‌లో ఇంకెవరికీ అన్ని లేవు. అదే తన చివరి ఒలింపిక్స్ అని చెప్పేశాడు.

2.43 అక్కడే ఉంది. 2.45 కూడా అక్కడే ఉంది. 2024లో బర్షిమ్ దోహాలో ఒక పోటీ మొదలుపెట్టాడు. వాట్ గ్రావిటీ చాలెంజ్ అని పేరు. ఒక్క హైజంపే, వేరే ఆట లేదు, ప్రపంచంలో పైనున్న జంపర్లు అందరూ వచ్చి దూకుతారు. ఈసారి పెట్టినప్పుడు జుమ్మా రోజు పడితే చెప్తా, సనయ్య నుంచి వచ్చేవాళ్ళు ముందే పేర్లు ఇవ్వండి, బస్సు మాట్లాడదాం. టేప్ ఒకటి తెస్తా. షీటు ఎత్తు గోడ మీద గీసి చూపిస్తా, బార్ ఎక్కడుందో మీకే తెలుస్తుంది.